చుక్క పెట్టకపోతే తప్పెవరిది?

1

చాలా ఏళ్ళ కిందటి మాట. కదిరి ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్న రోజులు. తొమ్మిదో తరగతి పిల్లలకు ‘తిమ్మమ్మ మర్రిమాను’ మీద వ్యాసం రాయమని పరీక్షలో ఇచ్చాను. ఆ చెట్టు మా నంబులపూలకుంట మండలంలోనే, గూటిబైలులో ఉంది. పిల్లలందరూ చూసినదే. ఒక అమ్మాయి పేజీన్నర రాసింది. ఊడలు ఎట్లా దిగి మానులయ్యాయో, శివరాత్రి తిరనాళ్ళకు జనం ఎట్లా వస్తారో, బిడ్డలు లేనివాళ్ళు అక్కడ ఎందుకు మొక్కుకుంటారో తన కళ్ళతో చూసినట్టు రాసింది. అయితే ఆ పేజీన్నరలో ఒక్క చుక్క లేదు, ఒక్క కామా లేదు. నేను ఎర్రసిరాతో ‘వ్యాకరణ దోషాలు’ అని రాసి పదికి నాలుగు వేశాను.

మరునాడు ఆ పిల్ల కాగితం పట్టుకొని వచ్చింది. “సార్, మీకు యాడ అర్థం కాలేదో చూపీండి సార్. ఆడ చుక్క పెడతా” అంది. ఎదురుతిరిగి కాదు, తెలుసుకోవాలనే అడిగింది. నేను కాగితం తీసుకొని మొదటినుంచి చివరిదాకా చదివాను. ఎక్కడా చూపించలేకపోయాను. “అర్థం కావడం కాదమ్మా, రూలంటే రూలే” అని పంపించేశాను. ఉపాధ్యాయుడిగా నేను ఇచ్చిన జవాబుల్లో అంత అన్యాయమైనది మరొకటి లేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఆ పిల్ల వేసిన ప్రశ్న నిజానికి భాషాచరిత్రకు సంబంధించిన ప్రశ్న. విరామచిహ్నం తప్పితే వ్యాకరణం తప్పినట్టేనా? అది వస్తుగతమైన తప్పా, లేక ఒక కాలంలో, ఒక వర్గం అలవాటు చేసుకున్న మర్యాదను మీరడం మాత్రమేనా? మన పత్రికల్లో ఈ ప్రశ్నకు రెండు రకాల తేలిక జవాబులు వినబడుతూ ఉంటాయి. తప్పు తప్పే, భాష చెడిపోతున్నదని ఒక పక్షం. చుక్కలూ కామాలూ దొరలు తెచ్చినవి, ప్రజల భాషకు వాటితో పని లేదని మరొక పక్షం. రెండూ చరిత్రను చూడని జవాబులే.

2

ముందుగా వ్యాకరణాన్నే అడుగుదాం. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 1858లో వెలువడింది. సంజ్ఞ, సంధి, తత్సమ, ఆచ్ఛిక, కారక, సమాస, తద్ధిత, క్రియా, కృదంత, ప్రకీర్ణకాలని దానిలో పది పరిచ్ఛేదాలు. విరామచిహ్నాలకు వాటిలో ఒక్క పరిచ్ఛేదం లేదు. సూరి విడిచినవి పూరించడానికి బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో తెచ్చిన ప్రౌఢవ్యాకరణంలోనూ లేదు. అంతకు ఆరు వందల ఏళ్ళ వెనక కేతన రాసిన ఆంధ్రభాషాభూషణంలో ఉండే అవకాశమే లేదు. సూరి అచ్చుయంత్రం ఎరగనివాడు కాడు. మద్రాసులో ఉంటూ పుస్తకాలు అచ్చువేయించినవాడు, చిహ్నాలను రోజూ కంట చూసినవాడు. అయినా వాటిని వ్యాకరణంలో చేర్చలేదు. వాటి చోటు వేరని ఆయన పద్ధతే చెబుతున్నది.

మరి ఆ చోటు ఏది? దీనికి మన పాత అలంకారశాస్త్రంలో ఒక ఆధారం ఉంది. దండి కావ్యాదర్శంలో కావ్యానికి పది దోషాలు లెక్కించాడు. వాటిలో మూడు ఇక్కడ మనకు పనికొస్తాయి. శబ్దహీనం: వ్యాకరణానికి విరుద్ధమైన మాట వాడడం. యతిభ్రష్టం: ఆగవలసినచోట ఆగకపోవడం. ససంశయం: నిశ్చయం చెప్పవలసినచోట రెండర్థాలకు తావివ్వడం. దండి ఈ మూడింటినీ మూడు వేరువేరు దోషాలుగా పేర్కొన్నాడు. వ్యాకరణం తప్పడం వేరు, విరామం తప్పడం వేరు, అర్థం సందిగ్ధం కావడం వేరు. దండిని పూజించడానికి ఈ మాట చెప్పడం లేదు. పదమూడు వందల ఏళ్ళ కిందట ఒక లాక్షణికుడు విడదీసి చూపిన మూడింటినీ మనం బడిలో ‘వ్యాకరణ దోషం’ అన్న ఒకే సంచిలో వేసి ఎర్రసిరా కొడుతున్నాం.

కనుక నా వాదం ఇది. తెలుగులో విరామచిహ్నం తప్పడం ఎన్నడూ శబ్దహీనం కాదు. చాలాసార్లు అది అసలు తప్పే కాదు, అచ్చు మర్యాదను పాటించకపోవడం. కానీ కొన్నిసార్లు అది ససంశయం అవుతుంది. అప్పుడు వ్యాకరణదోషం కన్నా బరువైన తప్పవుతుంది.

3

చిహ్నాలు లేకుండా తెలుగు ఎంతకాలం నడిచిందో చూడాలి. కడప జిల్లా కలమళ్ళలో రేనాటి చోళుల నాటి శాసనం సా.శ. 575 ప్రాంతానిది. మనకు దొరికిన తొలి తెలుగు శాసనాల్లో అది ఒకటి. ఆ రాతి మీద మాటకూ మాటకూ మధ్య ఎడం కూడా లేదు. తరువాత వెయ్యేళ్ళపాటు తాళపత్రాల్లో పురాణాలూ కావ్యాలూ వైద్యమూ లెక్కలూ అదే వరసలో సాగాయి. ఎక్కడన్నా ఒక నిలువుగీత, పద్యం చివర రెండు గీతలు, అంతే.

మా పక్క మండలం గాండ్లపెంటలో కటారుపల్లి ఉంది. వేమన సమాధి అక్కడే ఉందని ఈ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటారు. వేమన పద్యాలు ఊళ్ళలో నోటినుంచి నోటికీ, తాటాకునుంచి తాటాకుకూ వచ్చాయి. వాటిని సేకరించి, పండితులచేత సరిచూపించి, సి.పి. బ్రౌన్ 1829లో మద్రాసులో అచ్చువేయించాడు. అంతకుముందు ఆ పద్యాలు చదివినవాళ్ళకూ పాడినవాళ్ళకూ చుక్కలతో పని పడలేదు. ఆటవెలది నడకే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెబుతుంది. పాదానికి యతి ఉంది. పద్యానికి మకుటం ఉంది. మకుటం వినబడిందంటే పద్యం ముగిసిందన్నమాటే. ఇంతకన్నా గట్టి ముగింపు చుక్క ఏ అచ్చుకూటంలో దొరుకుతుంది?

ఐరోపాలో సైతం చిహ్నాలు వ్యాకరణం కడుపున పుట్టలేదు. సామాన్యశకానికి పూర్వం 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి పెద్దగా ఉన్న బైజాంటియం అరిస్టోఫనీసు, పైకి చదివేవాడు ఎంతసేపు ఆగాలో చెప్పడానికి మూడు ఎత్తుల్లో చుక్కలు పెట్టే పద్ధతి తెచ్చాడు. ఇప్పుడు మనం అర్ధబిందువు అనే గుర్తు 15వ శతాబ్దం చివర వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అచ్చుకూటంలో రూపం దిద్దుకుంది. వలసరాజ్యాల బడుల దాకా వెళ్ళిన లిండ్లీ మర్రే ఇంగ్లీషు వ్యాకరణం 1795లో వచ్చింది. దానిలో సైతం విరామచిహ్నాల చర్చ పుస్తకం చివర, ఛందస్సు సరసన ఉంటుంది. అంటే ఊపిరికి సంబంధించిన ఏర్పాటు అచ్చుకు సంబంధించిన ఏర్పాటుగా మారింది. అక్కడినుంచి బడికి చేరి ‘రూలు’ అయి కూర్చుంది.

అచ్చుకు సంబంధించినదంటే శ్రమకు సంబంధించినదని కూడా మరిచిపోరాదు. 1905 సెప్టెంబరులో మాస్కోలో సీటిన్ అచ్చుకూటం కార్మికులు సమ్మె చేశారు. వాళ్ళకు కూలి వెయ్యి అక్షరాల లెక్కన. ఆ లెక్కలో విరామచిహ్నాలను కూడా కలపాలనీ, పనిగంటలు తగ్గించాలనీ వాళ్ళు అడిగారు. ఆ సమ్మె మిగతా అచ్చుకూటాలకూ రైల్వేలకూ పాకి అక్టోబరు సార్వత్రిక సమ్మె అయింది. జారు చక్రవర్తి రాజ్యాంగ హామీల ప్రకటన చేయక తప్పలేదు. వ్యాకరణవేత్తకు కామా నియమం కావచ్చు. సీసపు అచ్చుల పెట్టెలోంచి దాన్ని వేళ్ళతో ఏరి పేర్చినవాడికి అది పని. పనికి కూలి ఉండాలి.

4

వెయ్యేళ్ళు చుక్కలు లేకుండా తెలుగు ఎట్లా అర్థమైంది? ఈ ప్రశ్నకు జవాబు తెలుగు నిర్మాణంలోనే ఉంది. ఇతర భాషలు చిహ్నాలకు అప్పగించిన పనుల్లో చాలా వాటిని తెలుగు ప్రత్యయాలకు అప్పగించింది.

వాక్యం ఎక్కడ ముగిసిందో చుక్క చెప్పనవసరం లేదు, సమాపక క్రియ చెబుతుంది. ‘వచ్చాడు’ అనగానే ఒక వాక్యం తీరింది. వాక్యం ఇంకా నడుస్తున్నదని కామా చెప్పనవసరం లేదు. ‘వచ్చి’, ‘వస్తూ’, ‘వస్తే’, ‘వచ్చినా’ – ఈ అసమాపక క్రియలు ప్రతి ఒక్కటీ ‘ఆగు, ఇంకా ఉంది’ అనే చెబుతుంది. ప్రశ్నార్థకం గుర్తు చేసే పని ‘వచ్చాడా’లోని దీర్ఘం చేస్తుంది. ఒకరి మాటను ఇంకొకరు చెబుతున్నారని ఉద్ధరణ చిహ్నాలకు ముందే ‘అని’ చెబుతుంది. ‘వస్తానని చెప్పాడు’ అన్నచోట ఎవరి మాట ఎక్కడ ముగిసిందో సందేహం లేదు. నాలుగు వస్తువులు వరసపెట్టి చెప్పాలంటే ‘ఎద్దులూ, బండీ, మడకా, గుంటకా’ అని ప్రతి మాట చివరా దీర్ఘం పెడతాం. ఆ దీర్ఘాలు ఉన్న తరువాత వాటి మధ్య కామాలు కంటికి సాయమే తప్ప అర్థానికి అవసరం కాదు.

ఆ అమ్మాయి వ్యాసంలో నేను ఎక్కడా తడబడకపోవడానికి కారణం ఇదే. ఆమె తన అవ్వ కథ చెప్పినట్టు రాసింది. ప్రతి వాక్యం క్రియతో తీరింది. ప్రతి మాట ‘అంట’తోనో ‘అని’తోనో మూసుకుంది. ఆమె తెలుగు వ్యాకరణాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. ఆమె పాటించనిది అచ్చు అలవాటును.

పైగా మనం నేర్పే అలవాట్లలో కొన్ని తెలుగువి కావు. ‘అతను, “వస్తాను,” అని అన్నాడు’ అని రాసేవాళ్ళు ఉన్నారు. ఆ వాక్యంలో రెండు కామాలూ ఇంగ్లీషు వాక్యం నీడలు. ‘అని’ అన్న మాట చేస్తున్న పనినే ఆ రెండు కామాలూ ఇంకోసారి చేయబోయి అడ్డం పడుతున్నాయి. ఇక్కడ కామా పెట్టనివాడిది తప్పంటే, తెలుగును తెలుగులాగా రాసినందుకు శిక్ష వేసినట్టవుతుంది.

5

తప్పుల జాబితా శాశ్వతమని నమ్మేవాళ్ళు అరసున్న చరిత్రను గుర్తు చేసుకోవాలి. ఒకప్పుడు అరసున్న విడవడం, బండి ‘ఱ’ రాయవలసినచోట మామూలు ‘ర’ రాయడం పక్కా తప్పులు. వాటికి విరామచిహ్నాలకు లేని శాస్త్రబలం ఉంది. సూరి సూత్రాలే ఉన్నాయి. అయినా గత శతాబ్దంలో అవి వచనంలోంచి, తరువాత పాఠ్యపుస్తకాల్లోంచి జారిపోయాయి. ఇవాళ అరసున్న లేదని మార్కులు కోసే ఉపాధ్యాయుడు ఉంటే పిల్లల తల్లిదండ్రులే నవ్వుతారు. సూత్రం ఉన్న తప్పే తప్పు కాకుండా పోయినప్పుడు, ఏ సూత్రమూ లేని కామాకు శాశ్వతత్వం ఎక్కడినుంచి వచ్చింది?

ఆ మార్పు దానంతట అది రాలేదు. 1913లో గిడుగు రామమూర్తి ఆధునిక తెలుగును సమర్థిస్తూ ఇంగ్లీషులో మెమొరాండం ప్రచురించారు. అదే ఏడు జయంతి రామయ్య పంతులు గ్రాంథికాన్ని సమర్థిస్తూ పుస్తకం తెచ్చారు. ఆ వాదంలో గిడుగు పద్ధతి మనకు ముఖ్యం. ఆయన నియమాలను తిట్టి ఊరుకోలేదు. నియమాలను చేతబట్టుకొన్న పండితుల రచనలనే తీసి, వాళ్ళు పాటించని నియమాలను ఏరి చూపించారు. ఏ తప్పు నిజంగా తప్పో తేల్చడానికి సూత్రం ఒక్కటే చాలదు, వ్యవహారాన్ని పరిశీలించాలన్నది ఆయన నేర్పిన పాఠం. విరామచిహ్నాల విషయంలో ఆ పరిశీలన మనం ఇంకా చేయలేదు.

నియమం చట్టంలాగా ఉన్న దేశాల్లో సైతం ఇదే జరిగింది. జర్మన్ భాషలో కామా ఎక్కడ పెట్టాలన్నది నిర్దుష్టమైన నియమం. పెట్టకపోతే పరీక్షలో తప్పు. 1996 నాటి లిపి సంస్కరణ అటువంటి కామాల్లో కొన్నిటిని రాసేవాడి ఇష్టానికి వదిలింది. 2006లో ఆ సంస్కరణను సవరిస్తూ కొన్నిటిని మళ్ళీ తప్పనిసరి చేశారు. అంటే ఒకే వాక్యం పదేళ్ళలో తప్పు, ఒప్పు, మళ్ళీ తప్పు అయింది. వాక్యం మారలేదు. భాష నిర్మాణం మారలేదు. మారింది సంఘం చేసుకున్న ఒప్పందం.

ఒప్పందమే అయినా అది అందరి మీదా ఒకే బరువు మోపదు. ఇంట్లో పత్రికా పుస్తకమూ ఉన్న పిల్ల చిహ్నాలను ఎవరూ నేర్పకుండానే కంటితో నేర్చుకుంటుంది. వానలు లేక శెనక్కాయ ఎండి, బెంగుళూరుకు కూలికి వలసపోయే ఇళ్ళ పిల్లలకు అచ్చు కనబడేది బడిలోనే. చుక్కకు ఒక మార్కు, కామాకు అర మార్కు కోసినప్పుడు మనం కొలుస్తున్నది ఆ పిల్ల తెలుగును కాదు, ఆ పిల్ల ఇంట్లో ఎంత అచ్చు ఉందో దాన్ని. ఆ కొలతకు ‘వ్యాకరణం’ అని పేరు పెట్టడం అబద్ధం.

6

ఇక్కడితో ఆపితే నా వ్యాసం రెండో పక్షంలో చేరిపోతుంది. ‘అయితే చిహ్నాలే అక్కరలేదు’ అన్న మాట నేను అనలేను. అననివ్వని కాగితం ఒకటి మా ఇంట్లోనే ఉంది.

మా నాయనా, మా పెదనాయనా వేరుపడినప్పుడు ఊళ్ళో రాతకోతలు తెలిసిన ఒక పెద్దమనిషి పంపకాల కాగితం రాశాడు. అందులో ఒక వాక్యం ఇట్లా ఉంది: ‘తూర్పు చేను బావి పంపుసెట్టు సగం చిన్నవానికి.’ అన్నదమ్ములిద్దరూ బతికినన్నాళ్ళూ ఆ వాక్యంతో ఎవరికీ ఇబ్బంది రాలేదు. వాళ్ళకు అర్థం కాగితంలో లేదు, మనసులో ఉంది. ఇద్దరూ పోయారు. తరువాత మా మండలంలో సోలార్ పార్కు వచ్చింది. 2016లో కరెంటు తయారీ మొదలైంది. ఆ చుట్టుపక్కల భూములకు ఎన్నడూ లేని లెక్కలు వచ్చాయి. ప్రతి ఇంట్లో పెట్టెల అడుగున ఉన్న కాగితాలు బయటికి వచ్చాయి. మాదీ వచ్చింది.

మా అన్న, అంటే పెదనాయన కొడుకు, చదివాడు: ‘తూర్పు చేను, బావి, పంపుసెట్టు – సగం.’ అంటే మూడిట్లోనూ సగం. నేను చదివాను: ‘తూర్పు చేను, బావి, పంపుసెట్టు సగం.’ అంటే చేనూ బావీ పూర్తిగా మాకు, పంపుసెట్టు ఒక్కటే సగం. ఇద్దరమూ అబద్ధం చెప్పడం లేదు. ఇద్దరి తెలుగూ సరిగ్గానే ఉంది. రెండేళ్ళు మా రెండిళ్ళ మధ్య మాటలు లేవు. చివరికి పంపకం నాడు పక్కన కూర్చుని ఉన్న మా మేనత్త చెప్పింది: “చేనంతా మీ నాయనదే రా. బాయి, మోటారు మాత్రం ఇద్దురికీ చెరి సగం. నీళ్ళు వంతులేసుకొని పారించుకోమని మా నాయనే చెప్పినాడు.” అంటే సరైన చదువు మూడోది: ‘తూర్పు చేను; బావి, పంపుసెట్టు సగం.’ మా ఇద్దరిలో ఎవరికీ తట్టనిది.

ఈ వాక్యంలో తప్పు ఏది? వ్యాకరణవేత్తను అడిగితే తప్పు లేదంటాడు. మూడు చదువులూ వ్యాకరణసమ్మతాలే. వ్యాకరణానికి కనబడనిదే అయినా ఇది తప్పు కాదనగలమా? రెండిళ్ళు విడిపోయేటంత వస్తుగతమైన తప్పు. నేను చూసిన అరసున్నల తప్పులన్నీ కలిపినా దీనికి సరిరావు. దండి మాటల్లో చెప్పాలంటే ఇది శబ్దహీనం కాదు, ససంశయం.

రాసినవాడు దీన్ని రెండు విధాల తప్పించగలిగేవాడు. చేను తరువాత ఒక అర్ధబిందువు పెట్టి ఉండవచ్చు. లేదా తెలుగు తనకు ఇచ్చిన సాధనాన్నే వాడి ‘తూర్పు చేనంతా, బావిలోనూ పంపుసెట్టులోనూ సగమూ చిన్నవానికి’ అని రాసి ఉండవచ్చు. రెండోది మేలు. చుక్కను ఎవడైనా తరువాత సిరాతో చేర్చగలడు. ‘అంతా’ను అంత సులభంగా చేర్చలేడు. అనుభవమున్న దస్తావేజు లేఖకులు అంకె పక్కనే ‘అక్షరాలా ఐదు వందల రూపాయలు మాత్రమే’ అని రాసేది ఇందుకే. వాళ్ళు చిహ్నాన్ని నమ్మరు, మాటను నమ్ముతారు.

న్యాయస్థానాల అనుభవమూ ఇటువంటిదే. అశ్వినీ కుమార్ ఘోష్ కేసులో 1952లో మన సుప్రీంకోర్టు, చట్టాన్ని అన్వయించడంలో విరామచిహ్నాలది చిన్న పాత్రేననీ, అయితే జాగ్రత్తగా చిహ్నాలు పెట్టిన చట్టంలో సందేహం వస్తే వాటికి విలువ ఇవ్వవచ్చుననీ చెప్పింది. మహమ్మద్ షబ్బీర్ కేసులో 1979 నాటికి ఆ చిన్న పాత్ర పెద్దదైంది. మందుల చట్టంలోని ఒక సెక్షన్‌లో ‘నిల్వచేయు’ అన్న అర్థమిచ్చే మాట తరువాత కామా లేదు. కనుక అమ్మకానికి నిల్వచేయడమే నేరం, ఊరికే నిల్వ ఉండడం కాదని కోర్టు తేల్చింది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో పాలవ్యాన్ల డ్రైవర్లు అదనపు పనిగంటల కూలి కోసం వేసిన దావా 2017లో వాళ్ళకు అనుకూలంగా మలుపు తిరిగింది. కారణం చట్టంలోని ఒక జాబితాలో చివరి అంశానికి ముందు కామా లేకపోవడం. 2018లో యాజమాన్యం యాభై లక్షల డాలర్లకు రాజీపడింది. ఈ కేసుల్లో ఎక్కడా న్యాయమూర్తులు వ్యాకరణం తప్పిందని మార్కులు కోయలేదు. ఈ వాక్యానికి ఎన్ని అర్థాలు వస్తున్నాయి, ఏ అర్థం ఎవరి మీద పడుతుంది – వాళ్ళు అడిగిన ప్రశ్న ఇదే.

7

అడగవలసిన ప్రశ్న కూడా అదే. నంబులపూలకుంట పిల్ల నన్ను అడిగింది అదే: ఎక్కడ అర్థం కాలేదో చూపించండి.

దీన్నిబట్టి మనం చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ఉపాధ్యాయులు ‘వ్యాకరణ దోషం’ అన్న మాటను వ్యాకరణానికే ఉంచాలి. చుక్క లేనిచోట అర్థం చెడకపోతే ‘ఇక్కడ చుక్క పెట్టడం అచ్చు అలవాటు’ అని పక్కన రాసి నేర్పాలి, మార్కు కోయరాదు. నేర్పకుండా ఊరుకోవడం కూడా ద్రోహమే. రేపు ఉద్యోగపరీక్షలో ఆ అలవాటునే ఇంకొకరు తప్పుగా లెక్కిస్తారు. అర్థం చెడినచోట మాత్రం ఎర్రసిరా వాడాలి. ‘చెడింది’ అని రాస్తే చాలదు, వచ్చే రెండర్థాలనూ పక్కన రాసి చూపించాలి. చూపించలేని తప్పును తప్పు అనే హక్కు మనకు లేదు.

రచయితలకు ఇంకొంచెం కఠినంగా చెప్పవలసి ఉంది. మన కవులు చిహ్నాలను తీసివేసి రాయడం కొత్త కాదు. సంశయాన్ని కావాలనే కల్పిస్తే అది దోషం కాదు, అలంకారమేనని దండి కూడా ఒప్పుకున్నాడు. కవితలో ఒక పాదం రెండువైపులా తిరిగితే పాఠకుడికి లాభమే. కాని కరపత్రానికీ, తీర్మానానికీ, వ్యాసానికీ ఆ స్వేచ్ఛ లేదు. మాట్లాడేటప్పుడు గొంతు ఉంటుంది, చేయి ఉంటుంది, ఎదుటివాడి ముఖం ఉంటుంది. కాగితం మీద అవేవీ లేవు. ‘కదిరి నుంచి వచ్చిన మా మామ కూతురు’ అంటే వచ్చింది మామో కూతురో గొంతు చెబుతుంది, కాగితం చెప్పదు. ‘అందరూ పాలుపంచుకున్నారు’ అన్నదానికీ ‘అందరూ పాలు పంచుకున్నారు’ అన్నదానికీ మధ్య ఉన్నది ఒక్క ఎడం. కొత్తగా చదువు నేర్చి, వేలు పెట్టి కూడబలుక్కుని చదివే మనిషికి ఆ ఎడమే దారి. మనం ఎవరి కోసం రాస్తున్నామని చెప్పుకుంటామో ఆ పాఠకుడే మన నిర్లక్ష్యానికి మొదట దెబ్బతింటాడు. పండితుడు ఎట్లాగూ ఊహించుకుంటాడు.

ఆ పేజీన్నర వ్యాసం ఇప్పుడు నా దగ్గర లేదు. మా నాయన పంపకాల కాగితం ఉంది. చుక్కల్లేని రెండు కాగితాల్లో ఒకదానికి నేను పదికి నాలుగు వేశాను, రెండోదాన్ని ఏళ్ళ తరబడి పెట్టెలో భద్రంగా దాచుకున్నాను. తప్పు లేనిది ఏదో, తప్పున్నది ఏదో తెలుసుకోవడానికి నాకు ఒక ఉద్యోగకాలం పట్టింది. తరువాత వచ్చే తెలుగు ఉపాధ్యాయులకు అంతకాలం పట్టకూడదు.